పుట్టలో పాలు, గట్టుమీద దెబ్బలు

వరి కోతల రోజుల్లో ఏ ఊరి పొలంలోనైనా ఒక్కసారైనా వినబడే కేక: ‘పామూ!’ కొడవళ్లు ఆగిపోతాయి. కోస్తున్నవాళ్లు గట్టెక్కుతారు. ఒకరు దుడ్డుకర్ర కోసం చూస్తారు, ఇంకొకరు పార అందుకుంటారు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. చచ్చిన పామును కర్రకొనకు తగిలించి కాలవగట్టున పారేసి, ‘అమ్మో, ఎంత పెద్ద నాగుపామో’ అనుకుంటూ మళ్లీ కోతలో పడతారు. దాన్ని కాస్త తిరగేసి చూసే ఓపిక ఎవరికైనా ఉంటే చాలాసార్లు అది నాగుపాము కాదని తేలుతుంది. అది జెర్రిపోతు. కొన్నిచోట్ల జెర్రిగొడ్డు అంటారు. దాని నోట్లో విషం చుక్కయినా లేదు. కర్ర పడే క్షణం వరకూ అది ఆ చేలో ఎలుకల కోసం తిరుగుతోంది.

జెర్రిపోతు ఇంత తరచుగా దెబ్బలు తినడానికి కారణం దాని అలవాట్లే. అది పగటిపూట తిరిగే పాము. ఆరేడు అడుగుల ఒళ్లు, దాచుకుందామన్నా దాగదు. మనిషి అలికిడి వినగానే పరుగు లంకించుకుంటుంది, ఆ పరుగుతోనే కంటపడుతుంది. ప్రాణం తీసే కట్లపాము తీరు వేరు. అది చీకటి పడ్డాక కదులుతుంది, నేలమీద పడుకున్నవాళ్ల పక్కలోకి చప్పుడు లేకుండా వస్తుంది, తెల్లారేసరికి ఏ కలుగులోనో ఉంటుంది. కర్రకు దొరికేది హాని చేయని పాము, హాని చేసేది కర్రకు దొరకదు. పాముకాటు నుంచి కాపాడుకోవడానికే చంపుతున్నామని మనం చెప్పుకునే మాట ఈ లెక్క దగ్గరే తప్పుతోంది.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. కార్తీక మాసంలో నాగుల చవితికి కోస్తా ఊళ్లలో కుటుంబాలకు కుటుంబాలు పుట్టల దగ్గర చేరతాయి. తెలంగాణలో శ్రావణంలో నాగపంచమి. పాలు పోస్తారు, చలిమిడి, చిమ్మిలి పెడతారు, పిల్లాపాపలను చల్లగా చూడమని మొక్కుతారు. కాటేస్తే మనిషిని చంపగల నాగుకు ఈ మర్యాద. కాటేసినా ఏమీ కాని జెర్రిపోతుకు ఏ పండుగా లేదు, ఏ పుట్టా లేదు, ఏ మొక్కూ లేదు. నాగును పూజించడం తప్పని కాదు. ఆ భక్తి వల్ల కొన్ని ఊళ్లలో నాగుపాములు నిజంగానే బతికి బయటపడుతున్నాయి. చవితినాడు చూపే ఆ ఓర్పులో నాలుగో వంతు మామూలు రోజుల్లో పొలం గట్టున చూపమని అడగడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఓర్పు రావాలంటే ముందు గుర్తుపట్టడం రావాలి.

జెర్రిపోతును స్వీడన్ శాస్త్రవేత్త కార్ల్ లిన్నేయస్ 1758లోనే శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. ఇప్పటి శాస్త్రీయ నామం టయాస్ మ్యూకోసా. ఇరాన్, అఫ్గానిస్థాన్ మొదలుకొని మన దేశం మీదుగా చైనా, ఇండోనేసియా దాకా కనిపిస్తుంది. అడవి, మెట్ట, మాగాణి, మామిడితోట, ఊరి చివర ఇటుకబట్టీ, నగరంలో అపార్ట్‌మెంటు వెనక ఖాళీ స్థలం, ఎలుకలూ కప్పలూ ఉన్న చోటల్లా ఇదీ ఉంటుంది. చెట్టెక్కుతుంది, ఈదుతుంది, మన ప్రాంతపు పెద్ద పాముల్లో దీనంత చురుకైనవి తక్కువ. ఆడపాము పది, పన్నెండు గుడ్ల దాకా పెడుతుంది. అవి పగలడానికి సుమారు రెండు నెలలు. బయటికొచ్చిన పిల్ల అడుగు పైచిలుకు పొడవుంటుంది, మొదట్లో ఎక్కువగా చిన్న చిన్న కప్పలతో కడుపు నింపుకుంటుంది. పెద్దదయ్యాక ఎలుకలు, పందికొక్కు పిల్లలు, పిట్టలు, తొండలు, కప్పలు, ఏది దొరికితే అది.

దగ్గరగా చూసినవాళ్లకు దాని ముఖమే ముందు గుర్తుంటుంది. తల సన్నగా పొడవుగా ఉంటుంది, మెడ దగ్గర ఒళ్లు కాస్త నాజూకవుతుంది. కళ్లు ముఖానికి పెద్దవి, కనుపాప గుండ్రం. పెదవి పొలుసుల మధ్య నిలువునా నల్లటి గీతలు, ఎవరో కూర్చుని వరుసగా కాటుక గీతలు గీసినట్టు ఉంటాయి. ఒంటిరంగు ఊరికో రకం. గోధుమరంగు, ఆలివ్ పచ్చ, పసుపు, కొన్నిటికి నలుపు తిరిగిన బూడిద. వెనక సగంలో, తోక వైపు వెళ్లేకొద్దీ, నల్లటి అడ్డచారలు తేలతాయి. అవి కట్లపాము మీది పట్టీల్లా తీరుగా ఉండవు, వంకరటింకరగా, అల్లినట్టుగా ఉంటాయి. తోక చాలా పొడవు, కొసకు సన్నం.

నాగుపాము పడగ విప్పితే గుర్తుపట్టడానికి ఎవరి సాయమూ అక్కర్లేదు. చిక్కల్లా పడగ విప్పనప్పుడే. అప్పుడు దాని తలకూ మెడకూ వెడల్పులో పెద్ద తేడా ఉండదు, ఒళ్లు బరువుగా, నడక నింపాదిగా ఉంటుంది. పెదవుల మీద ఆ వరుస గీతలుండవు. తోక పొట్టి. జెర్రిపోతుకు కోపమొచ్చినా పడగ రాదు. మూలకు తరిమితే మెడను రెండు పక్కల నుంచి నొక్కినట్టు నిలువుగా పలచన చేస్తుంది, గొంతు ఉబ్బిస్తుంది, గుర్రుమని లోగొంతుతో శబ్దం చేస్తుంది. నాగుపాము మెడ పక్కలకు పరుచుకుంటుంది, జెర్రిపోతు మెడ కిందికి జారుతుంది. భయంతో చూసే కంటికి ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. అక్కడే దాని ప్రాణం పోతోంది.

ఇక గుర్తుల పేరుతో ఊళ్లలో చలామణి అయ్యే కొన్ని మాటలను పూర్తిగా వదిలేయాలి. ‘తల త్రికోణంగా ఉంటేనే విషప్పాము’ అనేది వాటిలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది. రక్తపింజరి తల త్రికోణమే. నాగుపాము, కట్లపాములవి మాత్రం కావు. ఈ ఒక్క సూత్రాన్ని నమ్ముకున్నవాడు మన దగ్గరి నాలుగు ప్రమాదకరమైన పాముల్లో రెండింటిని మంచివని లెక్కేస్తాడు. రంగును బట్టి చెప్పడమూ అంతే. కట్లపామును పోలిన విషం లేని చిన్న పాము ఒకటి ఇళ్ల గోడల్లో, కప్పుల్లో తిరుగుతుంటుంది, ఇంగ్లిషులో వుల్ఫ్ స్నేక్ అంటారు. దాని పట్టీలు మెడ దగ్గర స్పష్టంగా మొదలై తోక వైపు మాసిపోతాయి. కట్లపాము తెల్లచారలు సన్నగా, చాలావరకు జతలు జతలుగా ఉంటాయి, తల దగ్గర అంతగా కనబడవు, తోక వైపు తేటపడతాయి. పగటి వెలుగులో, దూరం నుంచి తీసిన ఫొటోలో ఇది తేల్చవచ్చు. రాత్రి పదింటికి సెల్‌ఫోన్ లైటు వెలుతురులో తేల్చుకోబోవడం మాత్రం ప్రాణంతో చెలగాటం.

జెర్రిపోతు మీద పడ్డ నిందలు కూడా తక్కువేమీ కాదు. అది ఆవు కాళ్లకు చుట్టుకుని పొదుగు నుంచి పాలు తాగుతుందంటారు. పాము నోట్లో వెనక్కి వంగిన సూదుల్లాంటి పళ్లు వరుసల్లో ఉంటాయి, నాలుక చీలిన దారంలా ఉంటుంది, పీల్చడానికి కావలసిన పెదవులూ బుగ్గలూ దానికి లేవు. పొదుగు మీద అలాంటి పళ్లు పడితే ఆ ఆవు నిలబడుతుందా అని పశువులు కాసినవారెవరైనా ఆలోచించగలరు. కొట్టంలోకి అది వచ్చేది దాణా చుట్టూ చేరిన ఎలుకల కోసం. తోకతో కొడితే ఒళ్లు కుళ్లిపోతుందన్నది ఇంకో మాట. పట్టుకుంటే తోక విదిలిస్తుంది, నిజమే. తోకలో ముల్లూ లేదు, విషమూ లేదు.

అన్నిటికన్నా గట్టిగా నాటుకున్న నమ్మకం, జెర్రిపోతు నాగుపాముకు మొగుడన్నది. ఏటా ఎక్కడో ఒకచోట రెండు పాములు పెనవేసుకుని మనిషి నడుమెత్తున లేచి ఊగుతుంటాయి. జనం మూగుతారు, ఫోన్లు పైకి లేస్తాయి, ‘సయ్యాట’ అన్న శీర్షికతో ఆ వీడియో సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులన్నీ తిరుగుతుంది. వాటి మీద కొత్తబట్ట వేసి ఇంట్లో దాచుకుంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ రెండూ చాలాసార్లు మగ జెర్రిపోతులే. జతకట్టే కాలంలో ఆడపాము కోసం పడే కుస్తీ అది. ఒకదాని మెడ మీదికి ఇంకొకటి ఎక్కి తలను నేలకు అదమడానికి చూస్తుంది. కిందిది జారుకుని మళ్లీ లేస్తుంది. కరుచుకోవు. బలం ఉడిగినది తల దించి చెట్ల పొదల్లోకి జారిపోతుంది. అంత సేపూ చుట్టూ నిలబడిన మనుషులను అవి పట్టించుకోవు. ఆ సమయంలోనే ఎవడో ఒకడు రాయి విసురుతాడు.

నాగుపాముకూ జెర్రిపోతుకూ సంబంధం ఒక్క తిండి దగ్గరే. రెండూ ఎలుకల్ని తింటాయి కాబట్టి ఒకే గట్టు మీద, ఒకే గడ్డివామి కింద కనిపిస్తాయి. ‘జెర్రిపోతు ఉన్న చోటికి నాగు రాదు’ అనే మాట కూడా అందుకే నమ్మదగ్గది కాదు. జెర్రిపోతును కాపాడమనేవాళ్లు కొందరు ఈ మాటను తమ వాదానికి బలంగా వాడుకుంటున్నారు. మంచి ఉద్దేశంతో చెప్పినా అబద్ధం అబద్ధమే. పెరట్లో జెర్రిపోతును చూసి, ఇక భయం లేదని చీకట్లో చెప్పుల్లేకుండా తిరిగేవాడికి ఆ మాటే ముప్పు తెస్తుంది. జెర్రిపోతును వెదికి వేటాడే పాము మాత్రం ఒకటుంది. అది గిరినాగు. ఉత్తరాంధ్రలో తూర్పు కనుమల అంచు ఊళ్లకు అది దిగి రావడానికి ఉన్న కారణాల్లో జెర్రిపోతుల ఆశ ఒకటి.

జెర్రిపోతు వల్ల రైతుకు ఒరిగేదేమిటి? పందికొక్కు కలుగును తవ్విన వాళ్లను అడిగితే సగం జవాబు దొరుకుతుంది. మూరెడు లోతున, అడ్డదిడ్డంగా పోయే సొరంగాల చివర ఒక అర ఉంటుంది. అందులో కొరికి తెచ్చి పేర్చిన వరి వెన్నులుంటాయి. పంట మీద ఉండగానే దోచుకుని దాచుకున్న గింజలవి. కృష్ణా, గోదావరి డెల్టాల్లో, నెల్లూరు వైపు తరతరాలుగా యానాదులు ఈ కలుగుల ఆనవాలు పట్టి, కుండతో పొగబెట్టి ఎలుకల్ని పట్టారు. రైతులు వాళ్లను పిలిపించుకుని కూలి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ చేతులు తగ్గాయి, మందు పొట్లాలు పెరిగాయి.

మందు పెట్టడమూ తేలికేం కాదు. బ్రోమాడయోలోన్ ఎర కలపాలంటే 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు మందు. పక్క రైతు పెట్టకుండా ఒక్కరే పెడితే ఎలుకలు గట్టు దాటి వస్తూనే ఉంటాయి, అందుకే వ్యవసాయ శాఖ ఊరంతా ఒకేసారి పెట్టమంటుంది. జింక్ ఫాస్ఫైడ్ అయితే ముందు ఒకట్రెండు రోజులు వట్టి నూకలు అలవాటు చేయాలి. ఎలుక ఒకసారి రుచి చూసి తేడా పసిగట్టిందంటే మళ్లీ ముట్టదు. జెర్రిపోతుకు ఈ తంటాలేవీ లేవు. గుడ్లగూబ కలుగు బయట కాపు కాయాలి, పిల్లి గుమ్మం దగ్గర కూర్చోవాలి. పాము నేరుగా లోపలికి వెళ్తుంది. తల్లితోపాటు ఇంకా కళ్లు తెరవని పిల్లల్నీ మింగుతుంది. చుట్టుకుని నలిపి చంపే అలవాటు దీనికి లేదు, నోట కరిచి నేలకో కలుగు గోడకో ఒంటి బరువుతో అదిమిపట్టి మింగేస్తుంది.

ఇంత చెప్పినా ఒక జెర్రిపోతు ఊరి ఎలుకలన్నిటినీ తుడిచిపెట్టేస్తుందని ఎవరూ అనరు. ఎలుక మూడు వారాల చూలుతో ఈతకు ఈత పెడుతుంది, పాము ఏడాదికి తినేదానికి ఒక హద్దుంది. కోడిపిల్లల్ని, గుడ్లను జెర్రిపోతు ఎత్తుకుపోయే మాటా నిజమే. ఇంటి ముందు నాలుగు నాటుకోళ్లు పెంచుకునే ఇల్లాలికి అది నష్టమే, ఆమె కోపానికి అర్థముంది. గంప కింద కోడిపిల్లల్ని కప్పి పైన రాయి పెట్టడం, గూటికి సన్న కన్నాల జాలీ కొట్టడం ఆ నష్టాన్ని ఆపుతాయి. పామును చంపితే ఆ నష్టం ఆగదు. మరుసటి వారం ముంగిసో పిల్లో వస్తుంది.

ఏది విషప్పాము, ఏది కాదు అన్న ప్రశ్నకు శాస్త్రబద్ధంగా జవాబు వెదికిన తొలి ప్రయత్నాల్లో ఒకటి మన గడ్డమీదే జరిగింది. స్కాట్లాండ్ వైద్యుడు ప్యాట్రిక్ రస్సెల్ 1781లో విశాఖపట్నం వచ్చి, తర్వాత ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. పాముకాటు భయం జనాన్ని ఎంత పీడిస్తోందో చూసి, ప్రమాదకరమైన పాములను మామూలువాళ్లు వేరుచేసి గుర్తించే దారి కోసం వెదికాడు. కోరమండల్ తీరంలో పట్టిన పాములను ఒక్కొక్కటే పరిశీలించి, కోళ్ల మీద, కుక్కల మీద కాట్లు వేయించి ఫలితాలు రాసుకున్నాడు. బొమ్మలతో సహా ఆ పుస్తకం 1796లో లండన్‌లో అచ్చయింది. చాలా పాములకు ఊళ్లో జనం చెప్పిన తెలుగు పేర్లనే అందులో రాశాడు. ఇప్పుడు ప్రపంచమంతా రస్సెల్స్ వైపర్ అంటున్న రక్తపింజరి ఆ పుస్తకంలో కాటుక రేకుల పొడ. అంటే రెండు శతాబ్దాల కిందటే విశాఖ జనానికి పామూ పామూ తేడా తెలుసు, ఒక్కోదానికి ఒక్కో పేరుంది. ఇప్పటి పిల్లలకు పాములన్నీ కలిపి ఒక్క పాము. పొలం పనికి దూరమయ్యేకొద్దీ ఈ తెలివిడి పలచబడింది, దాని స్థానంలో టీవీ సీరియళ్ల నాగిని వచ్చి కూర్చుంది.

ఈ తెలివిడి పోవడం వల్ల నష్టం పాములకు మాత్రమే కాదు. 2020లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు ఇరవై ఏళ్లలో దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారు. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మరణాలు నమోదైన ఎనిమిది రాష్ట్రాల్లో తెలంగాణతో కలిసిన ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యే. ఇవి చాలావరకు పల్లె మరణాలు, పొలం పని చేసేవాళ్ల మరణాలు. ఇంత ముప్పు కళ్లముందు ఉండగా జెర్రిపోతు మీద జాలేమిటని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న.

ఈ మరణాల్లో అత్యధిక భాగానికి కారణం నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగే. మన ఆసుపత్రుల్లో ఇచ్చే విషహర ఇంజెక్షన్ కూడా ఈ నాలుగింటి విషంతోనే తయారవుతుంది. దేశంలో మూడు వందలకు పైగా పాము జాతులున్నాయి. వాటన్నిటి మీదా కర్ర ఎత్తడం వల్ల ఈ నాలుగింటి కాట్లు తగ్గవు. కర్ర ఎత్తడమే కాటుకు దారితీస్తుంది, ఎందుకంటే కొట్టబోయేవాడు పాముకు అందేంత దగ్గరకు వెళ్తాడు. కాట్లు తగ్గేది రాత్రి టార్చిలైటు పట్టుకుంటే, గడ్డివామిలో చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపితే, నేలమీద కాక మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకుంటే, గడపలో ఎలుకలు చేరకుండా గింజలు మూతపెట్టుకుంటే. ఇవేవీ కొత్త మాటలు కావు, ఖర్చుతో కూడినవీ కావు.

భయంలో పెదవి గీతలు చూసేదెవరు, మెడ వెడల్పు కొలిచేదెవరు అన్నది రెండో అభ్యంతరం. ఎవరూ చూడనక్కర్లేదు. పాము ఏదైనా మొదట చేయాల్సింది నాలుగడుగులు వెనక్కి వేసి, దానికి దారి ఇవ్వడం. ‘పాము చావాలి, కర్ర విరగకూడదు’ అంటుంటాం. పొలంలో ఆ రెంటి అవసరమూ లేదు. గుర్తుపట్టడం పనికొచ్చేది ఆ తర్వాత, దూరం నుంచి. వెళ్లిపోతున్నది జెర్రిపోతని తెలిస్తే వెంటపడి చంపాలన్న కసి చల్లారుతుంది. నాగుపామని తెలిస్తే అటువైపు పనికి ఆ పూట ఎవరూ వెళ్లరు.

గుర్తుపట్టడం వస్తే పట్టుకోవడం వచ్చేసినట్టు కాదు. ఈ మాట ముఖ్యంగా కుర్రాళ్లకు చెప్పాలి. రీల్స్ కోసం పామును మెడలో వేసుకుని, అది ‘జెర్రిపోతే’ అని ధీమాగా ఉన్నవాళ్లు పొరబడితే రెండో అవకాశం ఉండదు. జెర్రిపోతుకు విషం లేదు కానీ కోపముంది, పళ్లున్నాయి. పట్టుకుంటే కరుస్తుంది, రక్తం కారుతుంది. ఇంట్లోకి దూరిన పామును పట్టాల్సింది అటవీ శాఖ సిబ్బంది, శిక్షణ పొందిన సంరక్షకులు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఏళ్ల తరబడి ఈ పని చేస్తోంది. చిన్న పట్నాల్లో, మండలాల్లో అలాంటి ఏర్పాటు ఇంకా పలచగానే ఉంది.

కాటు పడితే మాత్రం పాము పేరుతో నిమిత్తం లేదు. ‘రెండు గాట్లుంటే విషం, వరుసగా ఉంటే కాదు’ అని గాయం చూసి తీర్పు చెప్పడం ఇక ఆపాలి. కట్లపాము కాటుకు చాలాసార్లు గాటే కనబడదు. కట్టు బిగించకుండా, కోయకుండా, నాటు మందు కోసం పరుగెత్తకుండా, కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కు ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చాలి. అక్కడ డాక్టరు రెండు మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. కనురెప్పలు వాలిపోతున్నాయేమో చూస్తారు, అది నాగుపాము, కట్లపాము విషాలకు గుర్తు. కరిచింది నిజంగా జెర్రిపోతే అయితే ఈ లక్షణాలేవీ రావు, ఒక రోజు కనిపెట్టి చూసి పంపిస్తారు. విషహర ఇంజెక్షన్ అక్కర్లేకుండా ఇవ్వడం కూడా మంచిది కాదు, కొందరికి దానితోనే తీవ్రమైన ఎలర్జీ వస్తుంది. అందుకే వీలైతే దూరం నుంచి ఒక ఫొటో చాలు. చంపి సంచిలో వేసుకుని క్యాజువాలిటీకి తెచ్చే అలవాటు మానాలి. తల నరికాక కూడా కొంతసేపు విషప్పాము కాటేయగలదు.

చట్టం ఎటువైపు ఉందో కూడా జనానికి తెలియాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జెర్రిపోతుకు రక్షణ ఇచ్చింది. దాన్ని చంపడం, పట్టి ఉంచడం, చర్మం అమ్మడం నేరం. ఆ చట్టానికి ముందు మన దేశం నుంచి బెల్టుల కోసం, చెప్పుల కోసం, సంచుల కోసం ఎగుమతయిన పాము చర్మాల్లో జెర్రిపోతువి కుప్పలు కుప్పలు. తమిళనాట ఇరుల తెగవారు ఆ చర్మాల వ్యాపారానికి పాములు పట్టి బతికారు. వ్యాపారం ఆగిపోయాక 1978లో పాముల నిపుణుడు రాములస్ విటేకర్ చొరవతో వాళ్ల సహకార సంఘం మొదలైంది. పాముల్ని చంపకుండా విషం తీసి తిరిగి వదిలిపెడుతూ, దేశంలో విషహర ఇంజెక్షన్ల తయారీకి ఆ విషాన్ని అమ్ముతున్నారు. 2023లో ఆ సంఘం సభ్యులు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు పద్మశ్రీ వచ్చింది. చర్మం ఒలిచిన చేతులే ప్రాణాలు నిలిపే పనికి మళ్లగలిగాయి. అందుకు వాళ్లకు దొరికింది ఒక సంఘం, ఒక ఆదాయం, ప్రభుత్వపు గుర్తింపు. మన యానాదుల ఎలుకల విద్యకు అలాంటి ఊతం ఏదీ దొరకలేదు.

పల్లెలో చట్టం పేరు చెప్పి బెదిరిస్తే ఒరిగేదేమీ లేదు. గట్టు మీద పామును కొట్టిన రైతు మీద కేసు పెట్టమని ఎవరూ కోరరు. కావాల్సింది కర్ర ఎత్తకముందు కలిగే ఎరుక. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అందులో ప్రజలకు అవగాహన కల్పించడం ఒక ముఖ్య భాగం. ఆ అవగాహన ఇంగ్లిషు పోస్టర్‌గా జిల్లా ఆసుపత్రి గోడకు అతుక్కుపోతే ప్రయోజనం లేదు. వినాల్సినవాళ్లు నాట్ల దగ్గర, కోతల దగ్గర, ఉపాధి హామీ పనిలో పొదలు కొట్టే చోట ఉన్నారు.

తెలంగాణలో రైతు వేదికలున్నాయి, ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రాలున్నాయి. విత్తనాల కోసం, ఎరువుల కోసం ఖరీఫ్ ముందు రైతులు ఎలాగూ అక్కడికి వస్తారు. ఎలుకల మందు ఎలా కలపాలో చెప్పే వ్యవసాయాధికారి అదే సమావేశంలో పది నిమిషాలు పాములకు కేటాయించవచ్చు. ఉపాధి హామీ మేటు పని మొదలయ్యే ముందు రెండు మాటలు చెప్పవచ్చు. బడిలో ఏడో తరగతి పిల్లలకు తమ ఊళ్లో కనిపించే పాముల బొమ్మలు గీయమని చెబితే, పాఠం వాళ్ల వెంట ఇంటికి వెళ్తుంది. మృగశిర కార్తె వచ్చేలోగా ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఐదు బొమ్మలు వేయించాలి: ప్రాణం తీసే నాలుగు పాములు, వాటి పక్కన పెదవి గీతలు స్పష్టంగా కనిపించేలా జెర్రిపోతు. వాటి కింద 108, ఆ మండలంలో పాములు పట్టే శిక్షణ ఉన్న మనిషి ఫోన్ నంబరు, విషహర ఇంజెక్షన్ నిల్వ ఉన్న దగ్గరి ఆసుపత్రి పేరు రాయించాలి. ఆ మూడు వివరాలూ రాయలేని మండలం ఏదైనా ఉంటే, అక్కడి ఎమ్మెల్యేనూ కలెక్టరునూ రైతులు వర్షాలకు ముందే నిలదీయాలి.